నడిచే మిషన్‌లో చెయ్యి ఎందుకు పెడతారు?

జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో అప్పుడప్పుడు నాలుగు లైన్ల వార్త కనిపిస్తుంది. రైస్ మిల్లులో బెల్టుకు చిక్కుకుని కూలీ చెయ్యి తెగిందనో, ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద పడి హెల్పర్ వేళ్లు నలిగిపోయాయనో. ఎవరో ఒకరు చదివి "నడుస్తున్న మిషన్‌ల చెయ్యి ఎందుకు పెట్టిండు?" అంటారు, అక్కడితో సరి. ఓనరు అదే అంటాడు, సూపర్‌వైజర్ అదే రాస్తాడు, ఒక్కోసారి చెయ్యి పోయిన మనిషి ఇంట్లోవాళ్లు కూడా అదే అనుకుని ఏడుస్తారు. నాకు కోపం వచ్చేది అక్కడే. ఆ ప్రశ్నను జవాబు దొరికేదాకా అడిగితే తప్పు ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటిగా బయటపడుతుంది. మనం అడగం. అడిగినట్టు చేసి వదిలేస్తాం.

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లునే తీసుకుందాం. లారీ దిగిన వడ్లు గుంతలో పడతాయి, అక్కడి నుంచి ఎలివేటర్ పైకి లాగుతుంది. ఎలివేటర్ అంటే పొడుగాటి బెల్టు, దానికి వరసగా బిగించిన చిన్న చిన్న బకెట్లు, కింద ఒక పుల్లీ, పైన ఒక పుల్లీ, చుట్టూ రేకు డబ్బా. పైకి పోయిన వడ్లు క్లీనర్‌లోకి, తర్వాత పొట్టు తీసే రబ్బర్ రోల్స్ మధ్యకి, ఆ తర్వాత పాలిషర్‌కి పోతాయి, ఒక దశ నుంచి ఇంకో దశకు చేర్చడానికి మళ్లీ ఎలివేటర్లే. యాసంగి వడ్లు ఒక్కసారిగా వచ్చిపడే ఏప్రిల్, మే నెలల్లో ఇదంతా రాత్రీ పగలూ తేడా లేకుండా నడుస్తుంది. వడ్లతో పాటు గడ్డి వస్తుంది, గోనె సంచుల సుతిలి ముక్కలు వస్తాయి, తడి వడ్లు ముద్ద కడతాయి. అవన్నీ పోయి ఎలివేటర్ అడుగున పుల్లీ దగ్గర ఇరుక్కుంటాయి.

అప్పుడు రెండు దార్లు. ఒకటి, మోటారు ఆపి, అడుగు తలుపు విప్పి, శుభ్రం చేసి మళ్లీ స్టార్ట్ చేయడం. కానీ ఒక్క ఎలివేటర్ ఆగితే దాని వెనకవన్నీ నిండిపోతాయి, ముందువన్నీ ఖాళీగా తిరుగుతాయి, బకెట్ల నిండా వడ్లుండగా స్టార్టర్ నొక్కితే మోటారు ట్రిప్ అవుతుంది, ఇక అడుగున పేరుకున్నదంతా మనుషులే తోడి పోయాలి, ఈలోగా బయట లారీల వాళ్లు అరుస్తుంటారు, లోపల సూపర్‌వైజర్ టెన్షన్ పడుతుంటాడు. రెండోది, నడుస్తుండగానే తలుపు కొంచెం తెరిచి కట్టెతోనో చేత్తోనో ఆ గడ్డి లాగేయడం. అర నిమిషం పని. నిన్న అట్లాగే లాగాడు, మొన్న అట్లాగే లాగాడు, ఏం కాలేదు. నేర్పిన మేస్త్రీ కూడా అట్లాగే నేర్పాడు.

చెయ్యి పెట్టింది ఇందుకు. చెయ్యి పెడితే తప్ప సాగనట్టుగా ఆ లైన్‌ను బిగించారు, ఆ పని తెలిసీ ఎవరూ వద్దనలేదు.

"సరే, పెట్టిండు, టక్కున తీసుకోవాలె గదా" అంటారు ఇంకొందరు. లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పుల్లీ నిమిషానికి 700 సార్లు తిరుగుతుంటే దాని మీద బెల్టు సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఏదో తగిలిందని తెలిసి కండరం కదలడానికి ఎంత చురుకైన మనిషికైనా సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ కాస్త సేపట్లో బెల్టు రెండు మీటర్లకు పైగా వెళ్లిపోతుంది. మనిషి చెయ్యి మీటరు పొడవు కూడా ఉండదు. ఎలివేటర్ బెల్టు, కన్వేయర్ అంత వేగం ఉండవు, సెకనుకు మీటరున్నర అనుకున్నా ఐదో వంతు సెకనులో 30 సెంటీమీటర్లు, అంటే వేలి కొన తగిలిందని తెలిసేసరికి మణికట్టు దాటిపోతుంది. బెల్టు పుల్లీని కలిసే చోటు, రెండు రోలర్లు ఎదురెదురుగా లోపలికి తిరిగే చోటు, గేరు పళ్లు కలుసుకునే చోటు, ఈ మూడింటి స్వభావం ఒకటే: అంటుకున్నదాన్ని బయటికి తోయవు, లోపలికి లాగుతాయి. వెనక్కి గుంజుకోవడానికి మనిషి బలం చాలదు. నున్నగా తిరిగే ఉత్త షాఫ్టు కూడా తక్కువదేం కాదు, చూడటానికి ఏమీ చేయదనిపిస్తుంది గానీ లుంగీ అంచో, మెడలో తువ్వాలో, చున్నీ కొసో ఒక్క చుట్టు పడిందంటే మిగతాదంతా అదే చుట్టుకుంటుంది. జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఈ భయం ఎప్పుడూ ఉండేదే.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ప్రమాదకరమైన కదిలే భాగాలన్నింటికీ గట్టి కంచె ఉండాలంది, ఆ భాగం కదులుతున్నంతసేపూ కంచె దాని స్థానంలోనే ఉండాలంది. 22వ సెక్షన్ ఇంకా వివరంగా ఉండేది. నడుస్తుండగానే చూడక తప్పని పని అయితే ప్రత్యేకంగా శిక్షణ పొందిన మగ కార్మికుడే చేయాలి, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు యాజమాన్యమే ఇవ్వాలి, అతని పేరు రిజిస్టర్‌లో ఉండాలి అని. మీకు తెలిసిన మిల్లు ఏదైనా ఉంటే ఆ రిజిస్టర్ ఎప్పుడైనా ఉండేదా అని అడిగి చూడండి.

గార్డుల సంగతి, అంటే తిరిగే భాగాలకు అడ్డం పెట్టే కవర్ల సంగతి చూద్దాం. చాలా మిషన్లు షెడ్డులోకి వచ్చినప్పుడు గార్డుతోనే వస్తాయి. ఆరు నెలల తర్వాత చూస్తే ఆ గార్డు గోడకు ఆనించి తుప్పు పట్టి ఉంటుంది. కూలీకి ప్రాణం మీద తీపి లేక తీసి పడేశాడా? ఆ గార్డుకు ఎనిమిది బోల్టులుంటాయి. జామ్ అయిన ప్రతిసారీ, గ్రీజు పెట్టిన ప్రతిసారీ ఎనిమిది బోల్టులు విప్పి బిగించాలి, స్పానర్ ఫిట్టర్ దగ్గర ఉంటుంది, ఫిట్టర్ నైట్ షిఫ్టులో ఉండడు. మూడో వారానికి రెండు బోల్టులే మిగులుతాయి, రెండో నెలకు గార్డే ఉండదు. మంచి గార్డు అంటే పనికి అడ్డం రానిది. లోపల ఏం జరుగుతుందో కనపడేలా జాలీ పెట్టొచ్చు. గ్రీజు ఎక్కించే మూతిని సన్నటి పైపుతో గార్డు బయటికి తీసుకురావొచ్చు, అప్పుడు విప్పే అవసరమే రాదు. తలుపు తెరవగానే మోటారు కరెంటు తెగిపోయేలా చిన్న స్విచ్ బిగించొచ్చు. అన్నింటికంటే మేలైన పని, వడ్లు పడే గుంత మీద గట్టి జల్లెడ పెట్టి గడ్డీ సుతిలీ లోపలికే పోకుండా చూడటం. జామ్ తగ్గితే చెయ్యి పెట్టే అవసరమూ తగ్గుతుంది. ఇందులో ఏదీ లక్షలు పోసే పని కాదు.

మిషన్ ఆపి పనిచేస్తే చాలా? అదీ చాలదు. స్విచ్ ఆపినా ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, పెద్ద ఫ్యాన్లు ఆగడానికి నిమిషాలు పడుతుంది, కంప్రెసర్ లైన్‌లో గాలి ఒత్తిడి అలాగే ఉంటుంది, పైకి లేపిన బరువు ఎప్పుడైనా దిగొచ్చు. ఇంకోటి, మన దగ్గర మరీ ఎక్కువగా జరిగేది, ఒకడు లోపల చెయ్యి పెట్టి ఉండగా ఇంకొకడు వచ్చి స్విచ్ వేయడం. మోటారు ఒక మూల, స్టార్టర్ బోర్డు గోడ అవతల, హోరులో పిలుపు వినపడదు. కరెంటు పోయిందని ధైర్యంగా చెయ్యి పెట్టినప్పుడే కరెంటు రావడం కూడా ఉంది. మామూలు స్టార్టర్ అయితే కరెంటు పోగానే పడిపోతుంది, మళ్లీ నొక్కితేనే లేస్తుంది, అది కావాలని పెట్టిన రక్షణ. బోరు మోటార్లకు, కరెంటు రాగానే దానంతటదే మోటారు నడిపే ఆటో స్టార్టర్లు పెట్టుకుని మన చేతులకు వేరే అలవాటు పడింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను బతిమాలింది. పొలంలో అది నీళ్ల సమస్య, షెడ్డులో అదే అలవాటు మనిషి ప్రాణం మీదికి తెస్తుంది.

దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి తాళం. నిజం తాళమే. మిషన్‌లో చెయ్యి పెట్టే ప్రతి మనిషీ మెయిన్ స్విచ్‌కు తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని, "మనిషి పనిలో ఉన్నాడు" అని పేరుతో చీటీ కడతాడు. ముగ్గురు పనిచేస్తుంటే మూడు తాళాలు, ముగ్గురూ బయటికి వచ్చి ఎవరిది వాళ్లు తీస్తే తప్ప కరెంటు రాదు. తాళం వేశాక ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి, కదలట్లేదని తేలాకే చెయ్యి పెట్టాలి. అమెరికాలో 1989లో దీన్ని తప్పనిసరి నిబంధన చేశారు. మన సిమెంట్ ఫ్యాక్టరీల్లో, పెద్ద మందుల కంపెనీల్లో ఈ పద్ధతి ఉంటుంది, పక్కనే ఉన్న చిన్న షెడ్డుకు మాత్రం చేరదు. తాళం ఖరీదు కొన్ని వందల రూపాయలు.

కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల వైపు రేకుల షెడ్లలో రేకు కొట్టే పవర్ ప్రెస్సు ఉన్నచోట కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ చెయ్యి పెట్టడమే పని. డై, అంటే రేకుకు ఆకారం ఇచ్చే అచ్చు, కింద రేకు ముక్క పెట్టాలి, పెడల్ తొక్కాలి, తీయాలి, మళ్లీ పెట్టాలి, షిఫ్టుకు వేల సార్లు. పాత కీ క్లచ్ ప్రెస్సుల్లో ఫ్లైవీల్ ఎప్పుడూ తిరుగుతుంటుంది, కీ అనే ఇనుప ముక్క దాన్ని పట్టుకుని క్లచ్ పడిందంటే పైనుంచి కొట్టే ర్యామ్ పూర్తిగా దిగి పైకి పోవాల్సిందే, మధ్యలో ఆపలేం. కీ అరిగినా స్ప్రింగ్ విరిగినా పెడల్ తొక్కకుండానే ర్యామ్ రెండోసారి దిగుతుంది, సరిగ్గా చెయ్యి లోపల ఉన్నప్పుడు. సెన్సర్ పెట్టించాం కదా అని కొందరు ఓనర్లు ధీమాగా ఉంటారు గానీ ఈ రకం ప్రెస్సుకు సెన్సర్ దండగ, చెయ్యి కనిపెట్టినా ర్యామ్‌ను ఆపే శక్తి దానికి లేదు. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే పడే ఏర్పాటు ఉన్నచోట కూడా పీస్ లెక్కన కూలీ ఇస్తే ఒక బటన్‌ను గుడ్డతో కట్టేస్తారు. దొరికే రక్షణ డై చుట్టూ వేలు దూరనంత సందుతో కవరు, ముక్కను పెట్టడానికి పొడుగాటి పట్టకారు, రోజూ షిఫ్టు మొదట్లో క్లచ్ చూడటం.

వేలు తెగినప్పుడు చేయాల్సింది ఇక్కడే చెప్తాను, ఎందుకంటే తెగిన ముక్కను చెత్తలో పడేసినవాళ్లు, నేరుగా ఐసు గడ్డల్లో పాతిపెట్టినవాళ్లు ఇద్దరూ ఉన్నారు. గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చెయ్యి పైకెత్తి పట్టాలి. తెగిన వేలిని మంచినీళ్లతో మెల్లగా కడిగి, తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి నీళ్లు పోకుండా మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. ఐసు వేలికి నేరుగా తగిలితే కణాలు చచ్చిపోతాయి. చల్లగా ఉంచితే కొన్ని గంటల తర్వాత కూడా వేలిని అతికించే అవకాశం ఉంటుంది, లేకుంటే ఆ టైము బాగా తగ్గుతుంది, కండ ఎక్కువున్న చెయ్యి అయితే ఇంకా తక్కువ. జడ్చర్ల నుంచైనా నల్గొండ నుంచైనా హైదరాబాద్ గంటన్నర, రెండు గంటల దారి, అంటే టైముంది. పోయేది ఎక్కడంటే, ముందు ఒక చిన్న ఆస్పత్రి, అక్కడ కట్టు, అక్కడి నుంచి ఇంకో ఆస్పత్రి, ఈలోగా ఓనరుకు ఫోన్లు. చేతి సర్జరీ చేసే డాక్టర్ ఉన్నచోటికి నేరుగా పోవాలి, ముందే ఫోన్ చేసి చెప్పాలి.

ఇక "కూలీ నిర్లక్ష్యం" అనే ముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1931లో హెర్బర్ట్ హైన్రిచ్ అనే అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి ప్రమాదాల్లో 88 శాతం మనుషులు చేసే అజాగ్రత్త పనుల వల్లే జరుగుతాయని లెక్క తేల్చాడు. ఆయన చూసిన కాగితాలు ఇన్సూరెన్స్ క్లెయిములు, ఫ్యాక్టరీ యజమానుల రికార్డులు. ఆ రికార్డు రాసేది సూపర్‌వైజర్. "గార్డు లేదు" అని రాస్తే తన మీదికి వస్తుంది, "చూసుకోలేదు" అని రాస్తే కూలీ మీదికి పోతుంది. ఏది రాస్తాడో చెప్పాలా? మిషన్లకు గార్డులు పెట్టాలని హైన్రిచ్ కూడా గట్టిగానే చెప్పాడు, జనం మాత్రం ఆ 88 ఒక్కటే పట్టుకున్నారు. ఇవాళ మన షెడ్లలో "భద్రత మీ బాధ్యత" అని గోడ మీద రాసి చేతులు దులుపుకోవడం ఆ చెట్టు కాయే.

రాసేది ఎవరన్నదాన్ని బట్టి దేశం లెక్కలు కూడా మారిపోతాయి. కేంద్ర కార్మిక శాఖ కింద ఉన్న డీజీఫాస్లీ సంస్థ అంకెల ప్రకారం 2017 నుంచి 2020 మధ్య రిజిస్టర్డ్ ఫ్యాక్టరీల్లో సగటున రోజుకు ముగ్గురు చనిపోయారు, 11 మంది గాయపడ్డారు. అంటే ఒక్క చావుకు నాలుగు గాయాలు కూడా లేవు. బ్రిటన్‌లో అన్ని రంగాలూ కలిపి ఏటా పనిలో చనిపోయేది 130 మందికి అటూ ఇటూగా, యజమానులు రిపోర్టు చేసే గాయాలు 60 వేల దాకా. మన దగ్గర మిషన్లు మనుషుల్ని చంపుతాయి గానీ వేళ్లు తీయవా? శవాన్ని దాచడం కష్టం, వేలిని దాచడం సులువు, అంతే. గాయపడినవాడు 48 గంటలు పనికి రాలేకపోతే ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు ఇవ్వాలని చట్టంలో ఉంది. 2024 జూన్‌లో షాద్‌నగర్ దగ్గర బూర్గులలో గ్లాసు ఫ్యాక్టరీ కంప్రెసర్ పేలి వలస కూలీలు చనిపోతే రాష్ట్రమంతా తెలిసింది. చూపుడు వేలు పోతే పక్క షెడ్డుకు కూడా తెలియదు.

పైగా 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఫ్యాక్టరీ అనే లెక్క మారింది. కరెంటుతో నడిచేచోట ఇదివరకు పది మంది ఉంటే ఫ్యాక్టరీ, ఇప్పుడు 20 మంది ఉండాలి. హమాలీలను కాంట్రాక్టరు మనుషులని పక్కన పెట్టి చూపే చిన్న మిల్లు, పదిహేను మందితో నడిచే ప్రెస్ షెడ్డు, ఎక్కువ వేళ్లు పోయే చోట్లే ఈ గీత కిందికి జారతాయి. నాకు ఇది పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

అయితే పరిహారానికి ఈ గీతతో పనిలేదు, ఇంకా ముఖ్యంగా కూలీ తప్పు ఉందా లేదా అన్నదానితో దాదాపుగా పనిలేదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పనిలో దెబ్బ తగిలిందా అని అడిగేది, చూసుకున్నావా అని అడిగేది కాదు, 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా అంతే. తాగి ఉన్నాడు, చెప్పినా వినకుండా కావాలని గార్డు తీశాడు అని ఓనరు నిరూపిస్తే పాక్షిక నష్టాలకు తప్పించుకోవచ్చు, చనిపోయినా పూర్తి వైకల్యం వచ్చినా ఆ వాదన కూడా నిలవదు. లెక్క ఇలా ఉంటుంది: 30 ఏళ్ల మనిషి, నెల జీతం 15,000, దానిలో 60 శాతం 9,000, వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకె 207.98తో గుణిస్తే 18,71,820. ఇది పూర్తి వైకల్యానికి. ఒక చెయ్యి మణికట్టు దగ్గర పోతే చట్టం చివర ఉన్న పట్టిక (షెడ్యూల్) ప్రకారం 60 శాతం నష్టం, అంటే 11,23,092 రూపాయలు. చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం, రెండు లక్షల 62 వేలు. జీతం ఎంత ఎక్కువైనా 2020 జనవరి నుంచి 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటున్నారు. కొత్త సామాజిక భద్రత కోడ్‌లో కూడా లెక్కగట్టే పద్ధతి ఇదే. ఇంకో సంగతి, షెడ్యూల్‌లో శాతమే ఆఖరి మాట కాదు. మోచెయ్యి పైదాకా ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది నూరు శాతం నష్టమేనంది. బస్తాలు మోసే హమాలీకి కూడా లాయరు ఈ తీర్పు చూపించాలి.

యాభై వేలు చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు కదా, ఆ కాగితం చెల్లదు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా చట్టం దృష్టిలో అది లేనట్టే. ఆస్పత్రి బిల్లు కట్టాం కదా అనేది కూడా జవాబు కాదు. "నువ్వు కాంట్రాక్టరు మనిషివి" అనడం కూడా కుదరదు, అసలు యజమానే కట్టి తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి.

ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉంటే దారి వేరు. 21,000 లోపు జీతం వాళ్లకు వర్తిస్తుంది, పని ప్రమాదం అయితే చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. కోలుకునేదాకా జీతంలో 90 శాతం ఇస్తారు, శాశ్వత నష్టానికి మెడికల్ బోర్డు శాతం తేలుస్తుంది, దాన్ని బట్టి ఈఎస్ఐ కార్పొరేషన్ బతికున్నంతకాలం డబ్బు ఇస్తుంది. ఈఎస్ఐ వర్తించినవాళ్లు ఓనరు దగ్గర విడిగా పరిహారం అడగలేరు. చందా కట్టని ఓనరు దగ్గర పనిచేసినా కార్పొరేషన్ కార్మికుడికి ఇచ్చి ఓనరు నుంచి రాబట్టుకునే వీలు చట్టంలో ఉంది, కాబట్టి "నీ పేరు ఎక్కించలేదు" అన్నారని వదిలేయొద్దు.

వీటన్నిటికీ సాక్ష్యం మొదటి రోజే దొరుకుతుంది, తర్వాత దొరకదు. మిషన్‌ను కడగకముందే, గార్డు తెచ్చి బిగించకముందే ఎవరైనా ఫోన్‌లో ఫోటోలు తీయాలి. ఆస్పత్రిలో "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించకుండా పక్కన నిలబడాలి, కేసు షీటులో ఏ మిషన్, ఎన్ని గంటలకు అన్నది ఉండాలి. జీతం నగదుగా ఇచ్చేచోట హాజరు పుస్తకం ఫోటో, ఫోన్‌పేలో పడ్డ అడ్వాన్సు, మేస్త్రీతో వాట్సాప్ మాటలు, ఏదైనా పనికొస్తుంది.

మన మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలో చాలామంది బీహార్ వాళ్లు. 2020 మేలో లాక్‌డౌన్ మధ్యలోనే ఖగడియా నుంచి ప్రత్యేక రైల్లో రప్పించుకున్నాం, వాళ్లు లేకపోతే వడ్లు కదలవని అందరికీ తెలిసింది. అలాంటి మనిషికి చెయ్యి పోతే రెండో వారానికి టికెట్ కొనిచ్చి ఊరికి పంపించేస్తారు, వాయిదాలకు మళ్లీ తెలంగాణ ఎవడొస్తాడులే అని. 1923 చట్టంలో దీనికి కూడా దారి ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ప్రమాదం జరిగిన జిల్లాలోనే కాదు, తాను మామూలుగా ఉండే జిల్లాలో కూడా అతను దరఖాస్తు వేసుకోవచ్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. రైలెక్కించే ముందు డిశ్చార్జి కాగితాలు, ఫోటోలు, మిల్లు పేరు, ఓనరు పేరు, చూసినవాళ్ల ఫోన్ నంబర్లు అతని ఫోన్‌లోకి పంపడం పక్కన పనిచేసిన మనవాళ్లు చేయగలిగిన పని.